పులి లెక్క, పిల్లల లెక్క

మా గూడెం కుర్రాడు ఒకడు పులుల అభయారణ్యంలో వాచర్‌గా పనిచేస్తున్నాడు. పోయిన ఎండాకాలం ఇంటికొచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుని పని సంగతులు చెప్పాడు. "మామా, ఈసారి వాగు పొడుగునా కెమెరాలు కట్టాం. దారికి అటొకటి, ఇటొకటి. పులి మధ్యలో నడిస్తే రెండు పక్కలా ఫొటో పడుద్ది. చారలు చూసి ఇది ఫలానా పులి అని కంప్యూటర్ చెప్పేసుద్ది" అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. నాలుగేళ్ళకోసారి దేశమంతటా పులుల లెక్క జరుగుతుంది. 2006, 2010, 2014, 2018, 2022లో జరిగింది. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి. ఏ రెండు పులులకూ ఒకేలా ఉండవు. అందుకే ఫొటోలను పోల్చి ఒక్కో పులికి ఒక్కో గుర్తు ఇస్తారు. పులి ఎక్కడ తిరిగింది, ఎన్నాళ్ళుగా కనబడలేదు అన్నది కూడా రాసిపెడతారు.

నేను వాడిని అడిగాను. "ఒరే, మన గూడెంలో అయిదేళ్ళ లోపు పిల్లలు ఎంతమంది?"

వాడు ఇంటింటి పేరూ చెబుతూ వేళ్ళు మడిచాడు. ఇరవై మూడు దగ్గర ఆగాడు. మర్నాడు అంగన్‌వాడీ పుస్తకం చూస్తే పందొమ్మిది ఉన్నారు. టీకాల రోజున వచ్చిన నర్సమ్మ ఫోనులో పదహారు. అంటే ఏడుగురు పిల్లలు కంప్యూటర్‌కు పుట్టనే లేదు. ఆ ఏడుగురిలో నలుగురు మా బడి గోడ పక్కన మట్టిలో ఆడుకుంటూ నా కళ్ళెదురుగా ఉన్నారు.

ఈ వ్యాసం ఆ ఏడుగురి కోసం రాస్తున్నాను. పులిని ఎవరూ ఆధార్ అడగలేదు, ఫోన్ నంబర్ అడగలేదు, ఆఫీసుకు వచ్చి పేరు నమోదు చేసుకోమనలేదు. లెక్క కావాలనుకున్నవాళ్ళే అడవికి నడిచి వచ్చారు. మన పిల్లల విషయంలో మాత్రం లెక్కలోకి ఎక్కే పని పిల్లల మీదా, వాళ్ళ తల్లుల మీదా వేశారు. నా గొడవంతా ఇక్కడే.

ముందే ఒక మాట చెప్పాలి. నేను కంప్యూటర్‌కు వ్యతిరేకిని కాను. టీకాలకు అసలు వ్యతిరేకిని కాను. టీకాల పట్టికను ఒకసారి చూడండి. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్-బి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్, పోలియో, రోటా. వీటితో పాటు ఆరు, పద్నాలుగు వారాలకు న్యుమోనియా టీకా. తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా మొదటి డోసు. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండో డోసు, బూస్టర్లు. అయిదారేళ్ళకు డీపీటీ బూస్టర్. పదేళ్ళకు, పదహారేళ్ళకు టీడీ. ఒక బిడ్డకు ఇన్ని తేదీలు ఉంటే, గూడెంలో ఇరవై ముగ్గురికి ఎన్ని? వాటిని ఏ తల్లీ నోటి లెక్కతో గుర్తుపెట్టుకోలేదు. ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఆ తేదీ వచ్చినప్పుడు ఎవరో ఒకరు ఆ ఇంటికి కదలాలి.

రాసిపెట్టడం కొత్త సంగతేమీ కాదు. పాత నర్సమ్మల దగ్గర గుడ్డతో కుట్టిన జేబుల సంచి ఉండేది. టిక్లర్ బ్యాగ్ అంటారు. నెలకో జేబు. తల్లీబిడ్డల కార్డు చింపినప్పుడు ఒక ముక్క తల్లికి, ఒక ముక్క సంచికి. బిడ్డకు వచ్చే టీకా ఏ నెలలో ఉంటే ఆ నెల జేబులో ముక్క పడుతుంది. నెల మారి, జేబులో ఇంకా ముక్కలు మిగిలితే వాళ్ళు టీకాకు రానివాళ్ళు. నర్సమ్మ ఆ ముక్కలు పట్టుకుని ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళాలి. కంప్యూటర్ రిజిస్టర్ చేసే పని కూడా అంతే, ఇంకొంచెం వేగంగా చేస్తుంది.

మన తెలుగు నేలకు ఈ కంప్యూటర్ ముచ్చట కూడా పాతదే. 2000 ప్రాంతంలోనే నల్గొండ జిల్లాలో ఏఎన్ఎంల చేతికి చిన్న కంప్యూటర్లు ఇచ్చి ప్రయోగం చేశారు. 2009లో దేశవ్యాప్తంగా తల్లీబిడ్డల ట్రాకింగ్ విధానం మొదలైంది. 2016లో అన్మోల్ ట్యాబ్‌లు మన ఆంధ్రప్రదేశ్‌లోనే ముందుగా ఏఎన్ఎంలకు వచ్చాయి. సిగ్నల్ లేని చోట కూడా రాసుకుని, సిగ్నల్ దొరికాక పైకి పంపేలా వాటిని తయారుచేశారు. కోవిడ్ కాలంలో కో-విన్ వచ్చింది. అదే పద్ధతిలో పిల్లల కోసం, గర్భిణుల కోసం యూ-విన్ తెచ్చారు. 2023 జనవరిలో రాష్ట్రానికి రెండు జిల్లాల చొప్పున ప్రయోగంగా మొదలుపెట్టి, 2024లో దేశమంతటికీ విస్తరించారు. పుట్టిన ప్రతి బిడ్డ పేరూ అందులో ఎక్కాలి. టీకా తేదీ దగ్గరపడితే ఫోనుకు మెసేజ్ రావాలి. ఒక జిల్లాలో మొదలైన బిడ్డకు మరో జిల్లాలో తర్వాత డోసు వేయగలగాలి. వలసకు పోయే మనలాంటి వాళ్ళకు ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది?

కాగితం మీద ఏమీ లేదు. గూడెంలో ఏం జరిగిందో నా సొంత కథ చెబుతాను.

మా గూడెంలో ఒకప్పుడు ఎప్పుడూ ఛార్జింగ్ ఉండే ఫోను నాదొక్కటే. టీకాలకు పేర్లు రాసినప్పుడు "ఫోన్ నంబర్ ఏది?" అని అడిగితే తల్లులు నా వైపు చూసేవాళ్ళు. నేను నా నంబరు చెప్పేవాడిని. అలా నా నంబరు మీద తొమ్మిదిమంది పిల్లలు ఎక్కారు. మెసేజ్ వస్తే నేను వెళ్ళి, "రేపు బుధవారం బిడ్డను తీసుకురా తల్లీ" అని చెప్పేవాడిని. బాగానే నడిచింది. నేను మంచి పని చేస్తున్నానని గర్వపడ్డాను కూడా.

రెండేళ్ళ తర్వాత ఆ నంబరు పోయింది. రీఛార్జ్ చేయక, వేరే కంపెనీ సిమ్ తీసుకున్నాను. ఆ తొమ్మిదిమంది పిల్లల సంగతి నాకు గుర్తు రాలేదు. మెసేజ్‌లు నా పాత నంబరు ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో వాళ్ళకు పోయుంటాయి. ఆ తొమ్మిదిమందిలో ఒక ఆడపిల్ల. తట్టు టీకా పడాల్సిన నెలలో తల్లిదండ్రులు మిరపకాయల కోతకు పల్నాడు వైపు పోయారు. ఇక్కడి జాబితాలో ఆ పిల్ల పేరు పక్కన 'వలస' అని పడింది. అక్కడ చేను గట్టు మీద టార్పాలిన్ గుడిసెలో ఉన్న పిల్లను ఎవరూ అడగలేదు, ఎందుకంటే అక్కడి జాబితాలో ఆ పిల్ల లేదు. ఇక్కడివాళ్ళు అక్కడ వేసి ఉంటారనుకున్నారు. అక్కడివాళ్ళకు ఆ పిల్ల ఉన్నట్టే తెలియదు. కోతలు అయిపోయి తిరిగొచ్చాక కూడా 'వలస' అన్న మాట అలాగే ఉండిపోయింది. మనుషులు తిరిగి వచ్చారు, రికార్డు రాలేదు.

ఆ వానాకాలం పిల్లకు తట్టు పోసింది. తట్టు మీద న్యుమోనియా. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది. ఇప్పుడు మా అంగన్‌వాడీకే వస్తుంది. తోటి పిల్లల కంటే చెయ్యెడు పొట్టిగా ఉంటుంది. వాళ్ళ అవ్వ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "నీ ఫోను పోతే నువ్వేం చేస్తావులే అయ్యా" అంది. నాకు ఆ మాటే ఇంకా గుచ్చుకుంటోంది. తొమ్మిదిమంది పిల్లల ఆరోగ్యం ఒక పంతులు రీఛార్జ్ మీద ఆధారపడి నడిచిందంటే, దాన్ని రిజిస్టర్ అని ఎట్లా అంటాం?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కంప్యూటర్ రిజిస్టర్‌లోకి పోవడానికి మన పిల్ల నాలుగు తలుపులు దాటాలి.

మొదటిది ఫోను. చాలా ఇళ్ళలో ఫోను మగవాడి దగ్గర ఉంటుంది. అతను కూలికి పోతే ఫోనూ పోతుంది. మెసేజ్ వచ్చినా, చదివేవాళ్ళు ఇంట్లో ఉండాలి.

రెండోది పేరు. మన ఇళ్ళలో బిడ్డకు తాత పేరో, అవ్వ పేరో, మల్లన్న పేరో, మైసమ్మ పేరో పెడతాం. ఇంట్లో ఈదమ్మ అంటాం. అంగన్‌వాడీలో ఈశ్వరమ్మ అవుతుంది. ఆధార్ తీయించిన చోట కుర్రాడికి ఏది వినబడితే అది. మూడు పేర్లకు కంప్యూటర్ ముగ్గురు పిల్లలను పుట్టిస్తుంది. ఒక పిల్లకు రెండు టీకాలు, ఇంకో పిల్లకు ఒకటి, మూడో పిల్లకు ఏమీ లేవు. ముగ్గురూ ఒకే ఈదమ్మ.

మూడోది పుట్టిన తేదీ. ఆసుపత్రిలో పుడితే తేదీ ఉంటుంది. దారిలోనో గుడిసెలోనో పుడితే "తిరునాళ్ళకు ముందు", "తునికాకు కోసేటప్పుడు" అని చెబుతాం. జనన మరణాల నమోదు చట్టం 1969 నుంచి ఉంది. 21 రోజుల్లో పుట్టుక చెప్పాలని చట్టం. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన వాళ్ళకు బడిలో చేరడం మొదలు చాలా పనులకు పుట్టిన సర్టిఫికెట్టే ఆధారమని సవరణ కూడా వచ్చింది. కాబట్టి తేదీ ఈరోజు పట్టించుకోకపోతే రేపు బడి గడప దగ్గర అడ్డం పడుతుంది.

నాలుగోది గుర్తింపు కార్డు. "ఆధార్ తీసుకురా, అప్పుడు ఎక్కిస్తాం" అన్న మాట మన తల్లులు ఎన్నిసార్లు విన్నారో వాళ్ళనే అడగండి. టీకాకు ఆధార్ షరతు కాదు. కోవిడ్ టీకాల విషయంలో 2022లో కేంద్ర ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు ఈ మాట చెప్పింది. ఆధార్ తప్పనిసరి కాదని, ఏ గుర్తింపు కార్డూ లేని సుమారు 87 లక్షల మందికి టీకాలు వేశామని చెప్పింది. అంతకుముందు 2021 మే చివర్లో అదే కోర్టు, ఫోనూ ఇంటర్నెట్టూ లేనివాళ్ళు కో-విన్‌లో పేరు ఎలా నమోదు చేసుకుంటారని గట్టిగా ప్రశ్నించింది. ముందుగా పేరు నమోదు లేకుండానే నేరుగా వచ్చినవాళ్ళకు కూడా టీకా వేసే దారి తెరిచారు. పెద్దవాళ్ళ టీకాకు తెరిచిన తలుపు పసిబిడ్డకు మూస్తే ఒప్పుకుంటామా?

ఈ నాలుగు తలుపుల దగ్గరా ఆగిపోయిన పిల్లలు ఎక్కడికి పోతారు? ఎక్కడికీ పోరు. లెక్కలో ఉండరు, అంతే. దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది. జాబితాలో పదహారు మంది ఉండి పదహారు మందికీ టీకాలు పడితే, ఫోను తెర మీద నూటికి నూరు అని ఆకుపచ్చ రంగు పడుతుంది. ఇరవై ముగ్గురిలో పదహారు అంటే నూటికి డెబ్బై. నూటికి నూరు వచ్చిన గూడేనికి ఇంకెవరూ రారు. డెబ్బై వచ్చి ఉంటే వచ్చేవాళ్ళు. అంటే జాబితాలో ఎక్కని పిల్ల తనకు తాను దూరం కావడమే కాదు, గూడెం మొత్తానికి మంచి మార్కులు తెచ్చిపెట్టి పోతుంది. బడిలో హాజరు పట్టీ రాసే ప్రతి ఉపాధ్యాయుడికీ ఈ కిటుకు తెలుసు. బడికి రాని పిల్లవాడి పేరు కొట్టేస్తే హాజరు శాతం పెరుగుతుంది.

ఇంకొకటి. లెక్క పైకి పోయేకొద్దీ గూడెం పేరు మాయమవుతుంది. గూడెం సచివాలయంలో కలుస్తుంది, సచివాలయం పీహెచ్‌సీలో, పీహెచ్‌సీ మండలంలో, మండలం జిల్లాలో. తట్టు రాకుండా ఆగాలంటే నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలని ఆరోగ్య శాఖే చెబుతుంది. ఆ 95 జిల్లా సగటు అయితే మనకు ఉపయోగం లేదు. ఉదాహరణకు ఒక మండలంలో వెయ్యిమంది పిల్లలు ఉన్నారనుకోండి. 950 మందికి పడ్డాయి. మండలం పాసయింది. మిగిలిన 50 మంది ఊరికి ఒకరు చొప్పున చెదిరి ఉంటే పెద్ద ప్రమాదం లేదు. ఆ 50 మందిలో 30 మంది రెండు గూడేల్లోనే ఉంటే? తట్టుకు సగటు తెలియదు. అది నేరుగా ఆ రెండు గూడేలకు వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 జనాభా లెక్కల ప్రకారం చెంచులం మొత్తం సుమారు 64 వేల మందిమి. ఇంత చిన్న జాతిని ఏ సగటులోనైనా సులువుగా దాచేయవచ్చు.

యర్రగొండపాలెం అడవిలో పాలుట్ల, దోర్నాల-శ్రీశైలం దారిలో తుమ్మలబైలు, ఇలా ఒక్కో గూడెం పేరు మీద విడిగా లెక్క రావాలి. గిద్దలూరు, కంభం వైపు సుగాలి తండాలకు, ఊరి చివర ఎరుకల, యానాది ఇళ్ళకు కూడా ఇదే మాట వర్తిస్తుంది.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. ఒక్కొక్కటే చూద్దాం.

"మీవాళ్ళు ఒకచోట ఉండరు కదా, ఎట్లా లెక్కపెడతాం?" అంటారు. పులి ఒకచోట ఉంటుందా? పులి సంగతి వదిలేయండి, పోలియో సంగతి చూడండి. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో వచ్చింది. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ వచ్చింది. ఆ గెలుపు సుద్దముక్కతో వచ్చింది. ఇంటింటికీ పోయి, పిల్లలందరికీ చుక్కలు పడితే తలుపు మీద పి అని రాశారు. ఎవరైనా మిగిలితే ఎక్స్ అని రాశారు. ఎక్స్ ఉన్న ఇంటికి మళ్ళీ పోయారు. పిల్లల ఎడమ చిటికెన వేలికి సిరా పూశారు. ఇటుక బట్టీలు, సంచార జాతుల గుడారాలు, బస్టాండ్లు, రైళ్ళు, ఏదీ వదలలేదు. ఎవరినీ ఫోన్ నంబర్ అడగలేదు. వలసపోయేవాళ్ళను లెక్కపెట్టడం ఈ దేశానికి చేతకాదంటే నేను నమ్మను. చేసి చూపించిన పనే ఇది.

మరో ఉదాహరణ. టీకా సీసాల కోసం 2015 నుంచి ఈ-విన్ అనే కంప్యూటర్ ఏర్పాటు ఉంది. ఏ కోల్డ్ చైన్ కేంద్రంలో ఎన్ని సీసాలు ఉన్నాయి, ఫ్రిజ్‌లో వేడి ఎంత అన్నది ఎప్పటికప్పుడు పైకి తెలుస్తుంది. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాల్సింది దాటితే హెచ్చరిక పోతుంది. మంచి పని. టీకా చెడిపోకూడదు. అయితే సీసా ఎక్కడుందో, ఎంత చల్లగా ఉందో క్షణాల మీద తెలిసే కంప్యూటర్‌కు, ఆ సీసా ఎవరి కోసమో ఆ పిల్ల చేను గట్టు మీద ఉందని తెలియకపోతే ఎట్లా?

"కంప్యూటర్‌లో పేరు ఎక్కిస్తే ప్రమాదం, రేపు ఆ జాబితా చూపి అడవి ఖాళీ చేయమంటారు" అనేది రెండో మాట. ఇది మనవాళ్ళే అంటారు. ఈ భయాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. అభయారణ్యంలో బతికేవాళ్ళకు ప్రతి సర్వే వెనకా ఇంకో సర్వే కనబడుతుంది. 2023 జూన్‌లో కో-విన్‌లో ఇచ్చిన వివరాలు టెలిగ్రామ్‌లో బయటపడ్డాయని వార్తలు వచ్చాయి, కేంద్రం ఆ వార్తలను ఖండించింది. మన భయానికి మందు పేరు దాచుకోవడం కాదు. దాచుకుంటే పోయేది మన పిల్ల టీకా. టీకా జాబితా టీకాకే వాడాలి, ఆరోగ్య సిబ్బందికి తప్ప మరో శాఖకు ఇవ్వకూడదు అని గ్రామసభలో తీర్మానం రాయించాలి. అడవి హక్కుకు ఆధారాలు వేరే ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. నిజానికి "ఈ గూడెంలో ఫలానా ఏడాది ఇంతమంది పిల్లలు పుట్టారు" అన్న రికార్డు మనం ఇక్కడివాళ్ళమే అనడానికి సాక్ష్యం కూడా అవుతుంది.

మూడో మాట నర్సమ్మది. "సారూ, నేను ఎన్ని యాప్‌లలో ఎక్కించాలి? పుస్తకంలో రాయాలి, ఫోనులో కొట్టాలి, మళ్ళీ రిపోర్ట్ పంపాలి. ఇంక గూడెం ఎప్పుడు తిరగను?" అని అడుగుతుంది. ఆమె మాటలో న్యాయం ఉంది. ఆఫ్రికాలోని టాంజానియా, జాంబియా దేశాలు టీకా రిజిస్టర్లను కంప్యూటర్‌కు మార్చినప్పుడు కూడా కాగితమూ కంప్యూటరూ రెండూ నడపడం ఆరోగ్య సిబ్బందికి భారమైంది. మన కోపం ఎండలో ఐస్ బాక్స్ మోసుకొచ్చే మనిషి మీద పడకూడదు. ఆమె చేతిలోని ఫోను ఆమె నడకను తగ్గించాలి. తగ్గించకపోగా నడకకు ఉన్న సమయాన్నే తినేస్తుంటే తప్పు ఆ ఏర్పాటు చేసినవాళ్ళది. మాట్లాడితే ఆమెతో కలిసి మాట్లాడదాం.

మరి ఏం కావాలి మనకు? నాలుగే అడుగుదాం.

ఒకటి, ముందు నడక, తర్వాత కంప్యూటర్. ఏడాదికి రెండుసార్లు, మిరప కోతలకు పోకముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి, గూడెంలో ఇంటింటికీ తిరిగి అయిదేళ్ళ లోపు పిల్లల తలలు లెక్కపెట్టాలి. ఆ లెక్కే వందగా తీసుకోవాలి. యాప్‌లో ఉన్నవాళ్ళను వందగా తీసుకోకూడదు.

రెండు, లెక్క గూడెం పేరు మీద విడిగా రావాలి. నెలకోసారి ఆ కాగితం అచ్చు తీసి అంగన్‌వాడీ గోడకు అంటించాలి. టీకా పడాల్సిన పిల్లల పేర్లు చదివి వినిపించాలి.

మూడు, ఫోను లేదని, ఆధార్ లేదని, కార్డు పోయిందని ఏ బిడ్డనూ వెనక్కి పంపకూడదు. కార్డు పోతే తల్లిని అడగాలి, ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ చూడాలి, వయసుకు తగ్గ టీకా వేయాలి. ముందు సూది, తర్వాత నమోదు.

నాలుగు, 'వలస' అని రాస్తే పని అయిపోయినట్టు కాదు. ఎక్కడికి పోయారో రాయాలి. అక్కడి ఏఎన్ఎంకు ఆ జాబితా చేరాలి. తిరిగొచ్చిన రోజు ఆ మాట కొట్టేయాలి. ఎక్కడైనా టీకా వేయించుకోవచ్చని యూ-విన్ ఇచ్చిన మాట మిరప చేలో నిలబడి పరీక్షించాలి.

అడగడం ఒకటే సరిపోదు. మన చేతిలో ఉన్న పని మనం చేయాలి.

సాటి ఉపాధ్యాయులారా, అయిదారేళ్ళ డీపీటీ బూస్టర్, పదేళ్ళ టీడీ, పదహారేళ్ళ టీడీ మన బడి వయసులోనే ఉన్నాయి. ఒకటో తరగతిలో పేరు రాసేటప్పుడు తల్లీబిడ్డల కార్డు అడగండి. లేదంటే చేర్చుకోవడం ఆపకండి, లేదన్న సంగతి రాసుకుని నర్సమ్మకు చెప్పండి. ఒక్క ముప్పై రూపాయల నోటుపుస్తకం కొనండి. గూడెంలో పుట్టిన ప్రతి బిడ్డ పేరు, పిలుపు పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, పడిన టీకాలు రాయండి. బదిలీ అయితే పుస్తకం మీతో తీసుకుపోకండి. నేను ఫోను విషయంలో చేసిన తప్పు మీరు పుస్తకం విషయంలో చేయకండి. అది గూడేనికి చెందినది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ఒక్కొక్కరు నాలుగిళ్ళు పట్టుకోండి. ఆ ఇళ్ళ కార్డులకు ఫొటో తీసి పెట్టుకోండి. వానకు తడిసినా, ఎలుక కొట్టినా ఫొటో ఉంటుంది. నంబరు మారితే అదే వారం నర్సమ్మకు కొత్త నంబరు ఇవ్వండి. ఒకే ఫోను మీద పిల్లలందరినీ వేయకండి. మిరప కోతకు పోయేటప్పుడు మూటలో బియ్యంతో పాటు కార్డు పెట్టించండి. అక్కడి ఆశమ్మను మీరే వెతికి, "మా పిల్లకు టీకా ఉంది" అని అడగండి. పుట్టిన 21 రోజుల్లో సచివాలయానికి పోయి జనన నమోదు చేయించండి.

మన మార్కాపురం పలకల మీద ఎన్ని రాష్ట్రాల పిల్లలు అక్షరాలు దిద్దారో! ఇప్పుడు నర్సమ్మ చేతిలో ఉన్నదీ ఒక పలకే. దాని మీద ఎవరి పేరు రాయాలో చెప్పగలిగినవాళ్ళం గూడెంలో ఉన్న మనమే.

ఆ రోజు అరుగు మీద కూర్చున్న కుర్రాడు, లెక్క తేడా విన్నాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మామా, ఒక పులి ఆరు నెలలు ఫొటోలో పడకపోతే మమ్మల్ని కూర్చోనివ్వరు. యాడికి పోయిందో వెతకమని అడివంతా తిప్పుతారు."

ఆ ఏడుగురు పిల్లల కోసం కూడా ఎవరినీ కూర్చోనివ్వకూడదు. మొదట మనం కూర్చోకూడదు. ఇప్పుడు మా గూడెం నోటుపుస్తకంలో ఇరవై ముగ్గురి పేర్లూ ఉన్నాయి. నర్సమ్మ ఫోనులో ఇరవై ఒక్కరు ఎక్కారు. ఇద్దరు ఇంకా మిగిలారు. వచ్చే బుధవారం వాళ్ళ కోసం పోతున్నాం. మీ గూడెంలో ఎంతమంది మిగిలారు?